పగలని సీసాలు

రాజోలు,
8 నవంబరు 1998.

అమ్మా సత్యదుర్గా,

నాన్న త్రిమూర్తులు దీవించి రాయునది. నేనూ, నీ కూతురు హేమా ఇక్కడ బాగున్నాం.

నీ ఉత్తరం నిన్న పోస్టుమాను దుకాణానికే తెచ్చి ఇచ్చేడు. నేను మిషను తిప్పుతున్నాను. తిప్పడం ఆపేసి, తడిచేతులు పంచెకి తుడుచుకుని అక్కడే నిలబడి చదివేను. బేరానికొచ్చినవాళ్ళు ముగ్గురు చూస్తున్నారు. “ఉండండి బాబూ, కువైట్ నుంచి మా అమ్మాయి నన్ను సోడా గురించి అడిగింది!” అన్నాను. వాళ్ళకేం తెలుస్తుంది నా సంతోషం! నలభై ఏళ్ళుగా ఈ సెంటర్లో గోలీసోడా కొడుతున్నాను. తాగి తేన్చి పోయినవాళ్ళే గానీ, ఆ సీసాలో గ్యాసు ఎలా కూర్చుంటుందండీ అని అడిగిన మనిషి ఒక్కడు లేడు. చిన్నప్పుడు సీసాలు కడగమంటే గోదారి గట్టుకి పారిపోయేదానివి నువ్వు. ఇవాళ నువ్వు అడిగేవు. నా ఆనందం కాగితం మీద పట్టదమ్మా.

ఇంక నీ ప్రశ్న. “గాజు సీసాలో గ్యాసు ఎక్కువైతే పగిలేముందు మనకి తెలుస్తుందా?” అన్నావు. తెలీదమ్మా. గాజు చెప్పదు. పగిలేదాకా అద్దంలాగే నవ్వుతూ ఉంటుంది. అందుకే మనమే ముందు చూసుకోవాలి. మన గోలీసోడా సీసా గ్యాసు కోసమే పుట్టింది, వేలు మందం గాజు. పచ్చడి సీసా, తేనె సీసా, జ్యూసు సీసా అలా కాదు. అవి బరువు మోస్తాయి గానీ లోపల్నుంచి నెట్టితే ఆగలేవు. ఖాళీ సీసాని గోటితో కొట్టి చూడు. ఖంగుమంటే మంచిది. టక్కుమంటే ఎక్కడో చీలిక ఉంది, పారెయ్యి. ఎండ తగలనివ్వకు, వేడికి గ్యాసు పెరుగుతుంది. సీసాల మీద ఎప్పుడూ తడి గోనెసంచి కప్పి ఉంచు. మొహం దగ్గరగా పెట్టి చూడొద్దు. దూరంగా నిలబడ్డా నా ఎడమ కన్ను ఎలా పోయిందో నీకు తెలుసుగా. అప్పటికి నీకు ఏడేళ్ళు, నువ్వే కదా పరిగెత్తుకెళ్ళి డాక్టరుగారిని పిలుచుకొచ్చేవు.

అవునూ, నీకు అక్కడ సీసాలతో ఏం పనమ్మా? మీ ఇంజనీరు ఆనందరావుగారు సోడా మిషను గానీ పెడుతున్నారా? పెడితే చెప్పు, వాషర్లు ఎక్కడ మంచివి దొరుకుతాయో రాస్తాను. మన తెలుగువాళ్ళింట్లో పని దొరకడం నీ అదృష్టం. మీ ఆయన పోయాక నిన్ను అంతదూరం పంపడానికి నా మనసు ఒప్పుకోలేదు గానీ, తెలుగువాళ్ళిల్లు అనేసరికి ధైర్యం వచ్చింది.

హేమ కేలండర్లో రోజులు కొట్టేస్తోంది. వచ్చే జూన్‌కి నీ రెండేళ్ళూ పూర్తి. జూను కాగితం మీద ఇప్పుడే ఒక విమానం బొమ్మ వేసింది. రెక్కలు మాత్రం కొంగ రెక్కల్లా ఉన్నాయి.

ఇట్లు,
నాన్న.


కువైట్,
6 డిసెంబరు 1998.

పూజ్యులైన నాన్నగారికి మీ కుమార్తె సత్యదుర్గ నమస్కరించి వ్రాయునది.

నేను ఇక్కడ క్షేమముగా ఉన్నాను. అయ్యగారు, అమ్మగారు నన్ను బాగా చూసుకుంటున్నారు. మీరు వ్రాసిన ఉత్తరము అమ్మగారు చదివి వినిపించినారు. అయ్యగారు కూడా విన్నారు.

సోడా మిషను కాదండి. అయ్యగారు ద్రాక్ష జ్యూసు సీసాలలో పోసి పంచదార వేసి నిలవ పెడతారు. నెల రోజులకు తయారవుతుంది. అతిథులు వచ్చినప్పుడు ఇస్తారు. అందులోంచి గ్యాసు వస్తుంది. ఇదివరకు ఒక జాడీ పగిలింది. నేను అప్పుడు అక్కడ లేను, నాకేమీ కాలేదు. మీరు చెప్పినట్టు గోటితో కొట్టి చూస్తే పదకొండు సీసాలు టక్కుమన్నాయి. అవి పారవేయించినారు. గోనెసంచులు లేవు గనుక పాత దుప్పట్లు తడిపి కప్పినాము.

గ్యాసు బయటికి పోయే మార్గము ఏమిటో, ప్లాస్టిక్ సీసాలు మంచివా కావా, మీరు వివరముగా వ్రాయవలెనని అయ్యగారు అడగమన్నారు.

హేమను బాగా చదువుకోమని చెప్పండి.

ఇట్లు,
సత్యదుర్గ.

త్రిమూర్తులు గారికి నమస్తే. మీ అమ్మాయి చాలా పొందికైన మనిషి. మీ సలహాలు మా వారికి తెగ నచ్చాయి. ఇంకా రాయండి.
– ప్రసన్న ఆనందరావు


రాజోలు,
3 జనవరి 1999.

బంగారు తల్లీ,

ఉత్తరం చివర ప్రసన్నగారు స్వయంగా రాసిన నాలుగు మాటలూ మన సెంటర్లో చూడనివాళ్ళు లేరు. బస్సు కండక్టరుకి చూపించేను. మందుల షాపు ఆయనకి చూపించేను. “ఏవండీ త్రిమూర్తులుగారూ, ఇంజనీర్లకి పాఠాలు చెబుతున్నారటగా?” అన్నాడాయన. “ఆయ్, చెబుతున్నానండీ!” అన్నాను. అయిదో తరగతి తప్పినవాణ్ణి! నా మాట విని కువైట్‌లో పదకొండు సీసాలు పారేశారంటే, ఆ రాత నేను ఎక్కడ దాచుకోను? దేవుడి పటం వెనకాల పెట్టేను.

అన్నట్టు, నన్ను “మీరు” అని రాసేవేంటే? పుట్టి బుద్ధెరిగి ఎప్పుడైనా పిలిచేవా అలాగ? కువైట్ వెళ్ళి మర్యాదలు బాగా నేర్చేవు.

ద్రాక్షరసం సంగతి ఇప్పుడు అర్థమైంది. మన ఇస్సాకు చర్చికి ఏడాదికోసారి చేస్తాడే, అలాంటిదే. వాణ్ణి కూడా అడిగి రాస్తున్నాను. రసం పులిసేటప్పుడు గ్యాసు పుడుతుంది. మూత బిగిస్తే అది పోయే దారి లేక సీసాని తంతుంది. కాబట్టి మూతకి కన్నం పెట్టి సన్నటి ప్లాస్టిక్ గొట్టం దూర్చి, కన్నం చుట్టూ మైనం పెట్టండి. లోపలి కొస రసంలో మునక్కూడదు, పైన ఖాళీలో ఉండాలి. రెండో కొస నీళ్ళ గ్లాసులో ముంచండి. గ్యాసు బుడబుడమంటూ నీళ్ళలోంచి పోతుంది. బుడగలు వస్తున్నన్నాళ్ళూ లోపల పని జరుగుతున్నట్టు. పూర్తిగా ఆగిపోయేదాకా ఎవరు తొందరపెట్టినా మూత బిగించొద్దు. సీసా మెడ దాకా పోయొద్దు, నురుగు పొంగి గొట్టం పూడుకుపోతే మళ్ళీ మొదటికొస్తుంది.

ప్లాస్టిక్ మంచిదే. ప్లాస్టిక్ నోరున్న మనిషి లాంటిది. బొటనవేలితో నొక్కి చూడు. లొత్త పడితే పర్వాలేదు. రాయిలా ఉంటే, అడుగు ఉబ్బి సీసా నిలబడక ఒరిగిపోతుంటే, మూత కొంచెం కొంచెంగా తిప్పి గ్యాసు వదలాలి. ఒక్కసారి తిప్పేవో, మూత తూటాలా పోతుంది. పలచటి నీళ్ళ సీసాలు వద్దు, గ్యాసు డ్రింకులొచ్చే సీసాలు తీసుకోండి, అవి ఓర్చుకుంటాయి. గాజుది రసం పూర్తిగా నిద్రపోయాకే వాడండి.

ఆనందరావుగారికి నా నమస్కారాలు. నీ పక్క మాత్రం ఆ సీసాలకి దూరంగా వేసుకోమ్మా. ఇలా రాస్తున్నందుకు నవ్వుకోకు, నీకు వేరే గది ఇచ్చే ఉంటారు, నాకు తెలుసు.

నాన్న.


కువైట్,
28 ఫిబ్రవరి 1999.

పూజ్యులైన నాన్నగారికి,

మీరు చెప్పినట్టు గొట్టములు పెట్టిన తరువాత ఒక్క సీసా కూడా పగలలేదు. అన్నీ నేనే చూస్తున్నాను. ఉదయము, సాయంత్రము నొక్కి చూస్తాను. ఏ సీసా ఎప్పుడు నిద్రపోయిందో నాకు బుడగల చప్పుడును బట్టి తెలిసిపోతోంది. అయ్యగారు ఇప్పుడు ఎక్కువ సీసాలు పెట్టుచున్నారు. అయ్యగారి ఆఫీసులో పెద్దలు కూడా మెచ్చుకొన్నారు. మీ ఉత్తరములు అమ్మగారు భద్రముగా ఉంచినారు.

ఇక్కడ కిటికీలోంచి ఎదుటి గోడ కనబడుతుంది. గోడ మీద ఒక పావురము గూడు పెట్టినది. హేమకు చెప్పండి.

సత్యదుర్గ.

త్రిమూర్తులు గారూ, మీ అమ్మాయి లేకపోతే మాకు ఒక్క రోజు గడవదు. అందుకని ఇంకో రెండేళ్ళు మా దగ్గరే ఉంచుకుంటున్నాం. వీసా కాగితాలు మావారు పూర్తి చేయించేశారు. మీరేం బెంగ పెట్టుకోకండి.
– ప్రసన్న


రాజోలు,
21 మార్చి 1999.

అమ్మా దుర్గా,

ఉత్తరం అందింది.

అంత పెద్దవాళ్ళు నువ్వు లేకపోతే గడవదు అన్నారంటే సంతోషించవలసిందే. సంతోషిస్తున్నాను. కాకపోతే ఇంకో రెండేళ్ళు ఉంటానని నువ్వు రాయలేదు, ఆవిడ రాసేరు. నీకు ఇష్టమేనా? నిన్ను అడిగేరా? ఈ ముక్క నీ చేత్తో రాయి.

హేమకి ఇంకా చెప్పలేదు. జూను కాగితం దగ్గరకొస్తోంది. నిన్న కొంగ రెక్కలకి రంగు వేసింది.

నాన్న.


కువైట్,
11 ఏప్రిల్ 1999.
(వరప్రసాదం చేతికిచ్చి పంపిన ఉత్తరం)

నాన్నా,

ఇది అమ్మగారు చూడని ఉత్తరం. మాకు నీళ్ళ క్యాన్లు పైకి మోసుకొచ్చే వరప్రసాదంది మన కాట్రేనికోన. సెలవు మీద వస్తున్నాడు. బియ్యం సంచీ కాగితం మీద రాస్తున్నాను, అక్షరాలు బాగోలేకపోతే ఏమనుకోకు. నెల రోజులు సెలవు. మళ్ళీ బయల్దేరేలోపు నీ దగ్గరికి వస్తానన్నాడు, నువ్వు ఏం చెప్పినా అతని చేతికే ఇవ్వు. పోస్టులో వచ్చేవి, వెళ్ళేవి అన్నీ అమ్మగారే చదువుతారు. అందుకే నిన్ను మీరు అన్నాను. ఆ ఉత్తరాలు రాసింది నేనే గానీ, మాట్లాడింది నేను కాదు.

నాన్నా, ఈ దేశంలో వైను చెయ్యడం నేరం. దొరికితే జైలు. నాకు ముందు తెలీదు. సీసాలన్నీ స్టోరు గదిలో ఉన్నాయి, ఇప్పుడు నలభై రెండు. నా పక్క కూడా ఆ గదిలోనే. రెండు గోడలకీ బీరువాల్లా బల్లలు కొట్టించి వాటి మీద పెట్టేరు, మధ్యలో చాప. కాళ్ళు చాపితే సీసాలు తగుల్తాయి. వాసన బయటికి రాకుండా తలుపు కింద తువ్వాలు కుక్కుతారు. కిటికీకి నల్లరంగు వేసేరు. పావురం కనబడేది వంటింటి కిటికీలోంచి, అదీ గిన్నెలు తోమేంతసేపే. నేను ఈ ఇంటి గడప దాటి ఆరు నెలలైంది. పాసుపోర్టు అయ్యగారి బీరువాలో ఉంది. పోలీసులు వస్తే ఏం చెప్పాలో నాకు నేర్పించేరు. “ఇది పనిమనిషి గది, మాకేం తెలీదు” అని వాళ్ళంటారట. నేను ఔనని తలూపాలట.

జాడీ పగిలినప్పుడు నేను అక్కడ లేనని అబద్ధం రాసేను. దసరా ముందు, మధ్యాహ్నం భోజనాలయ్యాక కాస్త నడుం వాల్చేను. తలుపు వేసి ఉంది, ఏసీ ఆ గదిలో లేదు. పెద్ద గాజు జాడీ ఒకటి నా కాళ్ళ దగ్గర పేలింది. పిక్కలో గాజుముక్క దిగింది. ఆసుపత్రికి తీసుకెళ్తే ఎలా తగిలిందని అడుగుతారని అమ్మగారే పసుపు పెట్టి కట్టు కట్టేరు. నిన్ను సోడా గురించి అడిగింది ఆ తర్వాతే. ఏ సీసా ఎప్పుడు పేలుతుందో తెలిస్తే ఆ పక్కకి కాళ్ళు పెట్టకుండా ఉందామని. నువ్వు సంతోషపడిపోయి రాసిన మొదటి ఉత్తరం వచ్చేసరికి కాలు ఇంకా మానలేదు.

నీ ఉత్తరాలు అతిథులొచ్చినప్పుడు అమ్మగారు గట్టిగా చదువుతారు. “ప్లాస్టిక్ నోరున్న మనిషి లాంటిది” అన్నావు చూడు, అది మళ్ళీ మళ్ళీ చదివించుకుని నవ్వుతారు. నీకు సోడా మామ అని పేరు పెట్టేరు. నేను గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడతాను.

నీ మీద నాకు కోపం లేదు నాన్నా. నువ్వు రాసింది ప్రతి మాటా నిజం. అందుకే సీసాలు పగలడం లేదు. పగలడం లేదు కాబట్టే నన్ను పంపడం లేదు. “నువ్వెళ్ళిపోతే ఇవన్నీ ఎవరు చూస్తారే?” అంటారు అమ్మగారు. నన్ను అడక్కుండానే రెండేళ్ళు రాయించేసేరు.

ఒకటి అడుగుతాను, ఔనో కాదో చెప్పు. గొట్టాలన్నీ పీకేసి మూతలన్నీ ఒక పూట బిగించేస్తే చాలు. అన్నీ పేల్తాయి. బిల్డింగంతా వినబడుతుంది. ఎవరో ఒకరు వస్తారు. నేను వంటింట్లో ఉంటాను. జైలైనా పర్వాలేదు, అక్కణ్ణుంచి ఇండియా పంపిస్తారని విన్నాను. నువ్వు ఊఁ అంటే చేసేస్తాను.

నీ దుర్గ.


రాజోలు,
9 మే 1999.
(వరప్రసాదం చేతికిచ్చినది)

దుర్గా,

ఊఁ అనను.

వరప్రసాదం నీ కాగితం నిన్న తెచ్చేడు. దుకాణంలో చదివేను. తర్వాత ఒక్క సోడా కొట్టలేదు. పటం వెనక దాచుకున్న ఆవిడ రాత తీసి పొయ్యిలో పెట్టేను. నా బిడ్డ కాళ్ళకి గాజు దిగిన సంగతి తెలీక నేను సెంటరంతా తిరిగి చూపించుకున్నాను. ఎంత మురిసిపోయేనో తల్చుకుంటే తల ఎత్తబుద్ధి కావడం లేదు. ఉత్తరం రాసి రాసి నీ గదికి గడియ నేనే బిగించేను.

మూతలు బిగించాలన్న మాట మనసులోంచి తీసెయ్యి. నలభై రెండు సీసాలు పేలితే ఏ ముక్క ఎటు పోతుందో చెప్పగలిగినవాడు ఎక్కడా లేడు. వంటింట్లో ఉంటానన్నావు. నా కన్ను పోయిన రోజు నేను మిషనుకి ఆరు అడుగుల దూరంలో నిలబడ్డాను, చొక్కా గుండీ పెట్టుకుంటున్నాను. పక్కింట్లో పిల్లలు లేరా? ఆవిడే ఆ తలుపు తీసే వేళకి పేలితే? వాళ్ళు మనకి చేసింది చేసేరు, మనం ఎవరి కన్నూ తియ్యొద్దు. జైలుకెళ్తే ఎప్పుడు వదుల్తారో ఎవరు చూసొచ్చేరు?

ఇంకో దారి ఉంది. పొద్దున్నే ఇస్సాకు ఇంటికెళ్ళేను. అంతా చెప్పి, ఈ వైనుని పగలకుండా, పేలకుండా, ఎవరికీ దెబ్బ తగలకుండా పాడు చెయ్యడం ఎలాగరా అన్నాను. “అన్నా, నేను ఒకేడు పాడు చేసేను గదా!” అన్నాడు. ఆ ఏడు బుడగలు ఆగిపోయాక రసాన్ని వెడల్పు మూతి కుండలో సగానికి పోసి, పైన పలచటి గుడ్డ కట్టి, వెచ్చటి చోట వదిలేశాడట. రోజూ గరిటెతో తిప్పేడట, ఇంకా మంచి రుచి వస్తుందనుకుని. నెలన్నరకి పైన మీగడలాంటి పొర కట్టి మొత్తం వెనిగర్ అయి కూర్చుంది. పాదిరిగారు ఒక గుక్క వేసి కళ్ళు మూసుకున్నారట. ఏడాది పొడుగునా పచ్చళ్ళలో పోసుకున్నారు. గాలి తగలడమే దానికి విషం. మనిషికి మాత్రం ఏ హానీ లేదు. గుడ్డ కట్టిన సీసాలో గ్యాసు నిలవదు, కాబట్టి పేలనూ పేలదు. అది నాకు కావలసింది. సీసాలే లేకపోతే వాటిని చూడ్డానికి నువ్వూ అక్కర్లేదు.

ఇది నువ్వు చేస్తే నీ మీద పడుతుంది. అయ్యగారి చేతే చేయించాలి. కాబట్టి ఇంకో రెండు వారాలాగి పోస్టులో ఒక ఉత్తరం వేస్తాను. మామూలుగా రాస్తాను, మహా సంతోషంగా. అది నీకు కాదు, వాళ్ళకి. చదువుతున్నప్పుడు వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. నువ్వు గ్లాసులు పట్టుకుని ఊరికే నిలబడు. సీసాల మీద చెయ్యి వెయ్యకు. నీకు చేతకాదను. రుచి చూడమంటే నీకు తెలీదను.

వాళ్ళు నమ్ముతారు. ఇన్నాళ్ళూ నేను చెప్పింది ఒక్కటీ తప్పు కాలేదు. నలభై ఏళ్ళలో ఒక మనిషికి తప్పుడు సలహా ఇచ్చి ఎరగను. ఇప్పుడు ఇస్తున్నాను.

నువ్వు ఈ కాగితం చదివి నీళ్ళలో నానబెట్టి చింపెయ్యి.

నాన్న.


రాజోలు,
23 మే 1999.

నా బంగారు తల్లీ సత్యదుర్గా,

నాన్న దీవించి రాయునది. నువ్వు ఇంకో రెండేళ్ళు అక్కడే ఉంటున్నావని మన వీధి వీధంతా చెప్పేను. అందరూ “అబ్బ, ఏం అదృష్టం త్రిమూర్తులుగారూ మీది!” అంటున్నారు. ఆయ్, అదృష్టమే కదండీ మరి!

ఈ ఉత్తరం అయ్యగారికి, అమ్మగారికి తప్పకుండా చదివి వినిపించాలి. అయ్యా ఆనందరావుగారూ, నా మనసులో ఒక బాధ ఉండిపోయిందండీ. ఇన్నాళ్ళూ మీకు సగం విద్యే చెప్పేను. సీసా పగలకుండా చూడ్డం సగం. రుచి తేలడం రెండో సగం. అది మా ఇస్సాకు ఇంతకాలం దాచిపెట్టి మొన్ననే బయటపెట్టేడు. వాడి కాళ్ళూ వేళ్ళూ పట్టుకుంటే చెప్పేడు!

గ్యాసు ఉన్నంతకాలం నీళ్ళ గ్లాసూ గొట్టమూ. బుడగలు ఆగిపోయాక దానికి గాలి మెట్టు అని ఒకటుందండీ. పుట్టిన పిల్లని ఎన్నాళ్ళని గదిలో పెడతాం? నాలుగు వీధులు చూస్తే కదా పిల్లకి మాటలొచ్చేది! మూతలూ గొట్టాలూ అన్నీ తీసెయ్యండి. వెడల్పు మూతి పాత్రల్లోకి మార్చండి, సగానికి మించి పోయొద్దు. పైన పలచటి గుడ్డ ఒక్కటే కట్టండి. చీకటి గదిలో వద్దు, వంటింటి వెచ్చదనం తగిలే చోట పెట్టండి. రోజూ పొద్దుటా సాయంత్రం కొయ్యగరిటెతో బాగా తిప్పాలి. పైన పొర కడితే భయపడొద్దు, అది రసానికి పట్టే మీగడ. నలభై అయిదు రోజులు ఎవరూ రుచి చూడకూడదు. మధ్యలో నోట్లో పెడితే విద్య పోతుంది.

ఇంకొక్క మాట. ఇది ఇంటి యజమాని చేత్తోనే జరగాలండీ. మా దుర్గ చెయ్యి పెట్టనివ్వకండి. దానిది మొరటు చెయ్యి, చిన్నప్పుడు పెరుగు తోడు పెట్టినా విరిగేది. మీది చదువుకున్న చెయ్యి. అన్ని సీసాలూ ఒకేసారి చెయ్యండి. కొన్నిటికి చేసి కొన్నిటికి మానేస్తే రుచులు కలవవు. ముఖ్యమైన పెద్దలెవరైనా మీ ఇంటికి భోజనానికి వస్తున్నప్పుడు మొదటిసారి బయటికి తీయండి. ఆ రోజు ఈ సోడావాణ్ణి ఒక్కసారి తలుచుకోండి, అది చాలు నాకు.

ఆనందం పట్టలేక గబగబా రాసేస్తున్నానండీ. తప్పులుంటే క్షమించాలి.

ఇట్లు,
త్రిమూర్తులు.


కువైట్,
25 జూలై 1999.

పూజ్యులైన నాన్నగారికి,

మీరు వ్రాసినట్టు అయ్యగారు స్వయముగా అన్నీ చేసినారు. స్టోరు గదిలోని సీసాలు అన్నీ ఖాళీ అయి వంటింటికి వచ్చినవి. నలభై అయిదు రోజులు అయ్యగారే తిప్పినారు. గది తలుపు కింద తువ్వాలు తీసివేసినారు.

మొన్న శుక్రవారము అయ్యగారి ఆఫీసులో పెద్దాయన భోజనమునకు వచ్చినారు. మొదటి గ్లాసు ఆయనకే ఇచ్చినారు. ఆయన నోట్లో పోసుకొని మింగలేదు. తరువాత లేచి వంటింటి సింకు దగ్గరికి వచ్చినారు. అయ్యగారు కూడా తాగి చూసినారు. అన్ని పాత్రలూ ఒకటే రుచి. నిన్న అంతా పారబోయించినారు. నేనే పారబోసినాను. వాసనకు కళ్ళు నీళ్ళు కారినవి.

అయ్యగారు ఇకమీదట ఈ పని పెట్టుకోనని అన్నారు. బల్లలు కూడా ఊడదీయించినారు.

సత్యదుర్గ.

మీ సలహాలకు ఒక దండం. ఇకమీదట దయచేసి ఏమీ రాయకండి. మా మరదలు ఇండియా నుంచి వస్తోంది, ఇంటి పని తను చూసుకుంటుంది, మీ అమ్మాయితో మాకు ఇంక అవసరం లేదు. వచ్చే నెల పద్నాలుగున టికెట్టు తీస్తున్నాం. పాసుపోర్టు ఎయిర్‌పోర్టులో ఇస్తాం. బొంబాయి దాకానే మా బాధ్యత.
– ప్రసన్న


రాజోలు,
8 ఆగస్టు 1999.

నా తల్లీ, నా బంగారూ, నా దుర్గా!

ఈ ఉత్తరం నీకు అందకూడదు. రాస్తున్నాను గానీ అందకూడదమ్మా. ఇది ఆ ఇంటికి చేరే వేళకి నువ్వు అక్కడ ఉండకూడదు. ఆవిడ కవరు చూసి ఆ మనిషి లేదని పోస్టుమానుకి తిప్పి ఇచ్చెయ్యాలి. ఎప్పుడూ నా ఉత్తరాలు నీకు చేరాలని దండం పెట్టుకుని డబ్బాలో వేసేవాణ్ణి. ఇవాళ చేరకూడదని దండం పెట్టుకుని వేస్తున్నాను. చేతిలో ఇంత సంతోషం పెట్టుకుని రాయకుండా ఉండలేను, అందుకే రాస్తున్నాను.

“మీ అమ్మాయితో మాకు ఇంక అవసరం లేదు.” ఆహా, ఏం రాసిందమ్మా మహాతల్లి! ఆవిడ రాసిన మొదటి ముక్కలకే అంత పొంగిపోయేనే, మరి వీటికేం చెయ్యాలి? ఇస్సాకుకి వినిపించేను. వాడు ఏడిచేడు. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని తెల్లజుట్టు పెట్టుకుని పిల్లల్లా ఏడిచేం. ఊళ్ళో అందరికీ ఉచితంగా సోడాలు కొట్టేను. “ఏమిటండీ విశేషం?” అంటే “మా అమ్మాయిని పన్లోంచి తీసేశారండీ!” అన్నాను. మందుల షాపు ఆయన నా వైపు అదోలా చూసి బీపీ చూపించుకోమన్నాడు.

ఒక్క దిగులు మాత్రం లోపల ఉంది. తప్పు సలహా తప్పే. కలలో ఆ పాత్రలు కనబడుతున్నాయి. పర్వాలేదు, ఆ బరువు నేను మోస్తాను.

బొంబాయికి నేనే వస్తున్నాను. ఇస్సాకు నన్ను రైలు ఎక్కిస్తాడు. ఎప్పుడూ విజయవాడ దాటలేదు, అయినా వస్తాను. ఒంటికన్నువాణ్ణి, గుంపులో నిన్ను నేను గుర్తుపట్టకపోతే నువ్వే నన్ను గుర్తుపట్టు. హేమ తన కొంగ రెక్కల విమానాన్ని కేలండర్లోంచి చింపి ఇచ్చింది, చొక్కా జేబుకి పిన్నుతో పెట్టుకుంటాను.

నాన్న.


(అదే కాగితం వెనకవైపు)

రాజోలు,
19 సెప్టెంబరు 1999.

నాన్నా,

నీ ఉత్తరం తిరిగొచ్చింది. కవరు మీద అడ్డంగా కొట్టేసి ఉంది, ప్రసన్నగారి చేతిరాతే. నువ్వు దుకాణంలో ఉన్నావు. నీ ముందు చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. అలవాటైపోయింది.

నువ్వూ హేమా కలిసి సీసాల గది అంతా కడిగి, సున్నం వేసి, నాకోసం మంచం వేసేరు. సీసాలు ఒక్కటి లేకుండా తీసేసేరు. నేను అందులో పడుకోవడం లేదని నువ్వు చూస్తున్నావు, అడగడం లేదు. అడక్కు. కొన్నాళ్ళు అరుగు మీదే పడుకుంటాను. తలుపున్న చోట నిద్ర పట్టడం లేదు.

నువ్వు మోస్తానన్న బరువు సగం నాది. నేను కూడా ఆ పాత్రలు చూస్తూ ఊరుకున్నాను.

పొద్దున హేమ వాకిట్లో దుకాణం సీసాలు గోటితో కొడుతూ, ఇది ఖంగు, ఇది టక్కు అని వేరు చేస్తుంటే లోపలికెళ్ళి చెవులు మూసుకున్నాను. తర్వాత నేనే వచ్చి పక్కన కూర్చున్నాను. కొంగ బొమ్మ నీ చొక్కాకి అలాగే ఉంది, ఉతికేముందు తీసి ఈ కాగితంతో పాటు పెట్టేను.

మధ్యాహ్నం ఒక నిమ్మకాయ సోడా కొట్టి ఉంచు. గోలీ నేనే నొక్కుతాను.

నీ దుర్గ.